బోర్డు ఎక్కే ముందు ఒడ్డున కూర్చోవాలి

(విశాఖపట్నంలో కాలేజీ పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రుల ముందు ఒక సర్ఫింగ్ కోచ్ మాట్లాడిన మాటలు. మాట్లాడింది మాట్లాడినట్టే రాసుకున్నాం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే.

ముందు ఒక్క మాట అడుగుతాను, మీలో నెలకి ఒక్కసారైనా బీచ్‌కి వెళ్ళేవాళ్ళు చేతులెత్తండి... దాదాపు అందరూ. దించండి. ఇప్పుడు ఈత వచ్చినవాళ్ళు ఎత్తండి... ఆ, ఓ పదిహేను ఇరవై మంది ఉంటారేమో. ఈ రెండిటికీ మధ్య ఉన్న తేడా చూశారు కదా, నేను సర్ఫింగ్, అంటే బోర్డు మీద నిలబడి కెరటంతో పాటు జారే ఆట, నేర్పేటప్పుడు మొదటి రోజు బోర్డు ముట్టుకోనివ్వకపోడానికి కారణం అదే. పిల్లలు అలుగుతారు, డబ్బులు కట్టాం కదా మేడం అంటారు, అయినా సరే.

మాది జాలరి కుటుంబం, నేను పుట్టి పెరిగింది పెదజాలారిపేటలో. మా తాత తెప్ప మీద వేటకెళ్ళేవాడు. తెప్ప అంటే ఈ తరం పిల్లలు కొంతమంది చూసి ఉండకపోవచ్చు, పడవ కాదది, తేలిక కర్ర దుంగలు నాలుగైదు పక్కపక్కన పెట్టి తాడుతో బిగించి కడతారు, నీళ్ళు పైకొచ్చినా దుంగల సందుల్లోంచి మళ్ళీ కిందకి పోతాయి, మునగదు. తెల్లారకుండానే తాతతో పాటు ఒడ్డుకి వెళ్ళేదాన్ని, కానీ ఆయన వెళ్ళగానే తెప్ప తోసేవాడు కాదు. ఇసకలో కూర్చుని చుట్ట వెలిగించి అలా చూస్తూ ఉండేవాడు. ఏటి తాతా చూస్తున్నావ్ అంటే "కూకో, నువ్వూ సూడు, సూసినాక సెప్పు" అనేవాడు. చిన్నపిల్లని, నాకేం తెలుస్తుంది, కెరటాలు వస్తున్నాయి పోతున్నాయి అంతే. కొన్ని నెలలకి అర్థమైంది, అవి ఒకేలాగ రావట్లేదు, నాలుగైదు పెద్దవి వరసగా వస్తాయి, తర్వాత కాసేపు నెమ్మదిస్తాది, ఆ నెమ్మదించిన టైంలో తాత తెప్ప తోసీసేవాడు.

తిరిగొచ్చేటప్పుడు ఇంకా బాగుండేది. కెరటాలు విరిగే చోటుకి కాస్త అవతలే ఆగి, వెనక్కి తిరిగి చూస్తూ, పెద్దవి వదిలేసి, తనకి కావలసింది రాగానే గబగబా తెడ్డు వేసేవాడు, కెరటం వెనకనించి ఎత్తగానే తెప్ప జారుకుంటూ వచ్చి ఇసకలో ఆగేది. నాకప్పుడు సర్ఫింగ్ అనే మాట తెలీదు. ఇరవై ఏళ్ళ తర్వాత చెన్నై దగ్గర కోవళంలో మొదటిసారి బోర్డు మీద కోచ్ చెప్పింది విన్నప్పుడు, వెనక్కి చూడు, వదిలెయ్, ఇది కాదు, ఇది, ఇప్పుడు పాడిల్ చెయ్, అంటే చేతులతో నీళ్ళు వెనక్కి తొయ్ అని అరుస్తుంటే, ఏడుపొచ్చింది నాకు, నిజంగా, ఎందుకంటే అది మా తాత చేసిన పనే.

హవాయి వాళ్ళు దీన్ని హెఎ నలు అంటారు, కెరటం మీద జారడం అని అర్థం. మనం టీవీలో చూసే సర్ఫింగ్ అక్కడిదే. 1912 ఒలింపిక్స్‌లో ఈతలో గోల్డ్ కొట్టిన డ్యూక్ కహనమోకు 1914 చివర్లో సిడ్నీ వెళ్ళి అక్కడి జనానికి బోర్డు మీద నిలబడి చూపించాడు, అలా పాకింది ప్రపంచమంతా. కానీ పెరూ దేశంలో వాంచాకో అని ఒక ఊరుంది, అక్కడ జాలర్లు రెల్లులాంటి గడ్డితో కట్టిన సన్నటి తెప్పల మీద వేటకెళ్ళి, వచ్చేటప్పుడు కెరటం ఎక్కి ఒడ్డుకొస్తారు, వేల ఏళ్ళ నించీ ఉన్న పద్ధతి, ఇప్పటికీ చేస్తున్నారు. వాళ్ళ వీడియో చూస్తే మా పేట గుర్తొస్తుంది నాకు. ఇదెందుకు చెప్తున్నానంటే, సర్ఫింగ్ అంటే డబ్బున్నవాళ్ళ ఆట, ఫారినర్ల ఆట అని మనలో చాలామందికి ఉంది. కోవళంలో ఈ ఆటని నిలబెట్టిన మూర్తి మేగవన్ జాలరి. ఆ తీరంలో ఇవాళ కోచ్‌లుగా ఉన్న కుర్రాళ్ళలో చాలామంది జాలరి ఇళ్ళ పిల్లలు. 2025లో మహాబలిపురంలో జరిగిన ఆసియా సర్ఫింగ్ పోటీల్లో రమేశ్ బుధియాల్ కాంస్యం తెచ్చాడు, మన దేశానికి ఆ పోటీల్లో సింగిల్స్‌లో వచ్చిన మొదటి పతకం అది.

సరే, అసలు విషయానికొస్తాను.

నాకు జరిగింది ఒకటి చెప్పాలి. కోవళం వెళ్ళకముందు, ఒక బీచ్‌లో బోర్డు అద్దెకిచ్చేవాళ్ళ దగ్గర ఒకటి తీసుకున్నాను, బోర్డు జారిపోకుండా కాలికి కట్టుకునే తాడు, లీష్ అంటారు, అది లేదు, అడిగితే లోతుకెళ్ళకండి ఏం కాదన్నారు. నాకు ఈత బాగా వచ్చు, చిన్నప్పటినుంచీ సముద్రమే, అందుకని నేనూ గట్టిగా అడగలేదు. కెరటాలు లేని చోటు చూసుకుని, ఇక్కడ ప్రశాంతంగా ఉందని దిగాను. ఐదు నిమిషాల్లో వెనక్కి చూస్తే ఒడ్డు ఎక్కడో ఉంది. ఒక కెరటానికి బోర్డు చేతిలోంచి పోయింది. ఒడ్డుకేసి ఈదుతున్నాను ఈదుతున్నాను, ఉన్నచోటే ఉన్నాను, చేతులు బరువెక్కిపోయాయి, నోట్లోకి నీళ్ళు. అప్పుడు తాత మాట ఒకటి గుర్తొచ్చింది, "నీళ్ళతో దెబ్బలాడకు, పక్కకి తప్పుకో" అని. ఒడ్డుకేసి కాకుండా ఒడ్డు ఎటు సాగిందో అటే, పక్కకి ఈదాను, కాసేపటికి కెరటాలు విరిగే చోటుకొచ్చాను, ఆ కెరటాలే నన్ను తోసుకుంటూ ఒడ్డున పడేశాయి.

అది రిప్ కరెంట్. ఇది ఇవాళ మీరు ఇంటికి పట్టుకెళ్ళాలి, మిగతావన్నీ మర్చిపోయినా పర్లేదు. కెరటాలు నీళ్ళని ఒడ్డుకి తెచ్చి పోస్తూనే ఉంటాయి కదా, ఆ నీళ్ళు మళ్ళీ లోపలికి పోవాలి, ఎక్కడ ఇసక దిబ్బల మధ్య కాస్త లోతు దొరికితే అక్కడ కాలవలాగ గుంపుగా వెనక్కి పోతాయి. లోతు ఉన్నచోట కెరటం విరగదు, అందుకని ఆ చోటు పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. అటూ ఇటూ తెల్లగా నురగ, మధ్యలో ముదురు రంగులో నున్నగా ఒక దారి, నురగ ఒడ్డుకి కాకుండా లోపలికి జారుతూ ఉంటాది, ఒక్కోసారి ఇసక రంగు నీళ్ళు పాయలాగ కనపడతాయి. కుటుంబాలతో వచ్చినవాళ్ళు పిల్లల్ని తీసుకెళ్ళి దింపేది సరిగ్గా అక్కడే, కెరటాలు తక్కువున్నాయి కదా అని. గట్టి రిప్ సెకనుకి రెండు మీటర్లు దాటి లాగుతుంది, ఒలింపిక్ ఈతగాళ్ళు కూడా దానికి ఎదురు ఈదలేరు. అది మనిషిని కిందకి లాగదు, లోపలికి మాత్రమే లాగుతుంది, మనిషి మునిగేది ఎదురీది అలిసిపోయి. కాబట్టి దొరికిపోతే వెల్లకిలా తేలండి, చెయ్యెత్తి పిలవండి, ఓపికుంటే పక్కకి ఈదండి. బోర్డుంటే దాన్ని వదలొద్దు, మీ ప్రాణం అదే.

ఆర్కే బీచ్‌లో ప్రతి ఏడాదీ పిల్లలు పోతున్నారు. పండగ రోజున, పరీక్షలైపోయిన రోజున. మా పేట వాళ్ళు వెతకడానికి వెళ్తారు. నేను ఆ ఒడ్డున తల్లుల్ని చూశాను. అందుకే నా దగ్గరకొచ్చే పిల్లలు మొదటి రోజంతా ఇసకలోనే, అరగంట మాట్లాడకుండా చూడ్డం, తర్వాత రిప్ ఎక్కడుందో వేలు పెట్టి చూపించడం, వరసకీ వరసకీ మధ్య ఎంత టైం ఉందో లెక్కపెట్టడం. రిప్ చూపించలేని పిల్లాడికి రెండో రోజు కూడా బోర్డు ఇవ్వను.

ఇంకోటి, ఇంటి దగ్గరే చూసుకోవలసింది. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అని సంస్థ ఉంది, సముద్రం లేని ఊళ్ళో కూర్చుని దేశం మొత్తానికి సముద్రం సంగతి చెప్తారు, సునామీ హెచ్చరికలు కూడా వాళ్ళే. రోజూ ఏ తీరంలో కెరటం ఎంత ఎత్తు, ఎన్ని సెకన్లకొకటి, ఎటునించి, అన్నీ ఇస్తారు, డబ్బులేం అక్కర్లేదు. మనవాళ్ళు ఎత్తు ఒక్కటే చూసి మీటరే కదా అనుకుంటారు. ఎన్ని సెకన్లకి ఒకటి అన్నది చూడండి ముందు. 6 సెకన్లకి ఒకటొచ్చే మీటరు కెరటం ఇక్కడి గాలికి పుట్టింది, చిందరవందరగా ఉంటాది, పెద్ద బలం ఉండదు. అదే 14 సెకన్లకొకటొచ్చే మీటరు కెరటం ఎక్కడో భూమధ్యరేఖకి అవతల, దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫానుకి పుట్టి, గంటకి దాదాపు 40 కిలోమీటర్ల చొప్పున వారం రోజులు ప్రయాణం చేసి మన ఒడ్డుకొచ్చింది, లోతు తగ్గగానే పైకి లేచి విరుచుకుపడుతుంది. ఇక్కడ ఎండ కాస్తుంటుంది, గాలుండదు, ఆకాశం నీలంగా ఉంటుంది, కానీ సముద్రం పొంగుతుంది, కళ్ళెదురుగా కారణం కనపడదు. కొత్తవాళ్ళు ఆ రోజు దిగొద్దు. హై వేవ్ అలర్ట్ అని పెట్టారంటే ఎవరూ దిగొద్దు, నేనూ దిగను.

మీకు కావలసింది నడుము లోతులో విరిగిపోయి తెల్ల నురగగా వచ్చే చిన్న కెరటం. పొద్దున్నే ఆరు ఏడు గంటలకి గాలి నెమ్మదిగా ఉంటాది, నీళ్ళు నున్నగా ఉంటాయి, ఎండెక్కేకొద్దీ సముద్రం మీంచి గాలి మొదలై చెడగొడుతుంది. ఆటుపోట్లు కూడా చూసుకోవాలి, మన దగ్గర అమావాస్య పౌర్ణమిల్లో కూడా పోటుకీ ఆటుకీ తేడా మీటరున్నర లోపే, అయినా ఇసక దిబ్బ మీద అంత తేడా చాలు, ఒక టైంలో మెల్లగా దొర్లే కెరటం ఇంకో టైంలో ఒడ్డు మీదే దభీమని పడుతుంది. అక్టోబర్ నించి డిసెంబర్ దాకా తుఫాన్ల కాలం, కొత్తవాళ్ళు మొదలుపెట్టే కాలం కాదు.

ఇక బోర్డు. ఇంటర్‌నెట్‌లో చూసి సన్నగా మొనదేలిన చిన్న బోర్డు కావాలంటారు అందరూ. అది పదేళ్ళు చేసినవాళ్ళది. మీకు కావలసింది ఎనిమిది తొమ్మిది అడుగుల ఫోమ్ బోర్డు, వెడల్పుగా, లావుగా, పైన మెత్తగా ఉంటుంది, తలకి తగిలినా పగలదు. ఎంత పెద్దదైతే అంత తొందరగా కెరటం అందుకుంటుంది, అంత నిలకడగా ఉంటుంది. కొనొద్దు, ఓ ఆరు నెలలు అద్దెకే తీసుకోండి. లీష్ వెనక కాలికి కట్టుకోవాలి, దాని వెల్క్రో పట్టు ఎలా ఉందో, తాడు ఎక్కడైనా చీలిందో ముందే లాగి చూడండి, అద్దెకిచ్చేవాడు చూశాడులే అని వదిలెయ్యొద్దు. మన నీళ్ళు వెచ్చన, చలికి వేసుకునే మందపాటి వెట్‌సూట్ అక్కర్లేదు. ఒళ్ళు రాసుకుపోకుండా వేసుకునే బిగుతు చొక్కా, రాష్‌గార్డ్ అంటారు, ఫుల్ చేతులది ఒకటి, లెగ్గింగ్స్, మొహానికి జింక్ ఉన్న సన్‌స్క్రీన్ దట్టంగా. అమ్మాయిలు బట్టల గురించి నన్ను విడిగా అడుగుతారు, ఇంతే బట్టలు, ఒళ్ళంతా కప్పి ఉంటుంది, అబ్బాయిలు కూడా ఇవే వేసుకుంటారు, లేకపోతే బోర్డుకి పొట్ట రాసుకుని మంటెత్తిపోద్ది.

రెండో రోజు ఇసక మీదే బోర్డు పెట్టి ప్రాక్టీస్. బోర్లా పడుకోవాలి, కాలి వేళ్ళు బోర్డు తోక, అంటే వెనక చివర, దగ్గరకి రావాలి, చేతులు ఛాతీ పక్కన, పొట్ట కాదు ఛాతీ, ఒక్కసారి బోర్డుని తోసి రెండు కాళ్ళూ ఒంటి కిందకి తెచ్చుకుని నిలబడాలి. దీన్నే పాప్ అప్ అంటారు. ముందు మోకాళ్ళ మీద లేచి తర్వాత నిలబడతాం అంటారు కొందరు, నేను ఒప్పుకోను, అది అలవాటైతే వదిలించడానికి ఏడాది పడుతుంది. ఏ కాలు ముందు అనేది మీ చేతిలో లేదు, వెనకనించి ఎవరైనా మెల్లగా తోస్తే ఏ కాలు ముందుకేస్తారో అదే మీ ముందు కాలు. ఎడమకాలు ముందుంటే రెగ్యులర్, కుడి అయితే గూఫీ, రెండూ సమానమే. ఇంట్లో చాప మీద రోజుకి ఇరవై పాప్ అప్‌లు చెయ్యండి. ఈత కూడా, ఆగకుండా 200 మీటర్లు, పది నిమిషాలు తేలడం, ఇది నా రూల్, ఇది వచ్చాకే నా దగ్గరకి రమ్మంటాను. ఎందుకంటే సముద్రంలో గంట గడిపితే కెరటం మీద నిలబడేది మూడు నాలుగు నిమిషాలు ఉంటే గొప్ప, మిగతాదంతా చేతులతో పాడిల్ చెయ్యడం, కూర్చుని ఎదురుచూడ్డం.

నీళ్ళలోకి నడిచేటప్పుడు బోర్డు మీ పక్కన ఉండాలి, మీకూ కెరటానికీ మధ్య ఎప్పుడూ ఉండకూడదు, కెరటం దాన్ని తెచ్చి మీ పళ్ళ మీదే కొడుతుంది. బోర్డు ముక్కు, అంటే ముందు మొన, కెరటానికి నేరుగా. నడుము లోతులో తిరిగి పడుకుని, నురగ ఇంకా నాలుగైదు గజాలుందనగా పాడిల్ మొదలుపెట్టండి, వెనకనించి ఎత్తినట్టు అనిపించాక కూడా ఇంకో రెండు చేతులు వెయ్యాలి, అందరూ అక్కడే ఆపేస్తారు, కెరటం కిందనించి జారిపోతుంది. లేచాక పాదాలకేసి చూడొద్దు, ఒడ్డుకేసి చూడండి, ఎక్కడ చూస్తే అక్కడికే పోతారు, కిందకి చూస్తే కిందకే. పడేటప్పుడు తల ముందు పెట్టి దూకొద్దు, కింద ఇసక ఎంత దగ్గరుందో మీకు తెలీదు, చాపలాగ అడ్డంగా పడండి, పైకొచ్చేటప్పుడు రెండు చేతులూ తల చుట్టూ. బోర్డు విసిరేసి మునగొద్దు, వెనకాల మనుషులుంటారు. ఒక కెరటానికి ఒక మనిషే, అది మొదట విరిగే చోటుకి ఎవరు దగ్గరుంటే వాళ్ళది.

కెరటాలంటే భయమైతే స్టాండప్ పాడిల్ బోర్డుతో మొదలుపెట్టండి. పదిన్నర పదకొండు అడుగులుంటుంది, నిలబడి తెడ్డు వేసుకుంటూ పోవడమే. భీమిలిలో గోస్తని కలిసే చోట, కోనసీమ కాలవల్లో, పొద్దున్న గాలి లేనప్పుడు ఎంత బాగుంటుందో చెప్పలేను. ముందు మోకాళ్ళ మీద, కుదురుకున్నాక ఒక్కో పాదం, మోకాళ్ళు కొంచెం వంచి. తెడ్డు చివర చిన్న వంపు ఉంటాది, ఆ వంపు ముందుకి ఉండాలి, కొత్తవాళ్ళందరూ చెంచాలాగ వెనక్కి పట్టుకుంటారు. ఇక్కడ ప్రమాదం కెరటం కాదు, గాలి. నేల మీంచి సముద్రం వైపు వీచే గాలి ఉంటే వెళ్ళేటప్పుడు హాయిగా ఉంటాది, వచ్చేటప్పుడు ఎదురు, మీ ఒళ్ళే తెరచాప అయిపోద్ది. అందుకని ముందు గాలికి ఎదురు వెళ్ళండి, వచ్చేటప్పుడు అదే తోస్తుంది. రాలేకపోతే పడుకుని చేతులతో పాడిల్ చెయ్యండి. లైఫ్ జాకెట్ లేకుండా, ఈతొచ్చినా సరే, వద్దు.

బాడీ బోర్డింగ్ అంటే చిన్న బోర్డు మీద పొట్ట ఆనించి జారడం, చిన్నపిల్లలకి, వయసైనవాళ్ళకి దానికంటే మంచిది లేదు, నిలబడాలన్న పట్టింపు లేకపోతే అదే రోజు కెరటం ఎక్కేస్తారు. పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద పోయే కైట్ సర్ఫింగ్ రామేశ్వరం వైపు చేస్తున్నారు, అది మాత్రం సొంతంగా నేర్చుకునేది కాదు, గాలిపటం మనిషిని ఎత్తి పడేస్తుంది, సర్టిఫికెట్ ఉన్న కోచ్ దగ్గరే.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. బీచ్ మనదొక్కళ్ళది కాదు. ఒడ్డునించి అలివి వల లాగుతుంటారు, ఇరవై ముప్పై మంది తాడు పట్టుకుని, ఆ వల నీళ్ళలో అర్ధచంద్రాకారంలో చాలా దూరం ఉంటుంది, అటు వెళ్ళి లీష్ తగిలించుకుంటే వాళ్ళ రోజు కూలీ పోతుంది, మీ ప్రాణానికీ ప్రమాదం. ఎక్కడ వేశారన్నా అని అడగండి, చెప్తారు. ఇవాళ రిప్ ఎక్కడుంది అని కూడా అడగండి, యాప్ చెప్పలేనిది వాళ్ళు చెప్తారు. ఏప్రిల్ 15 నించి జూన్ 14 దాకా వేట నిషేధం, మర బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, మా పేట కుర్రాళ్ళు ఆ రెండు నెలలూ ఖాళీ. కొత్తవాళ్ళు ఎక్కువగా వచ్చేది ఆ ఎండాకాలం సెలవుల్లోనే. మా కుర్రాళ్ళకి లైఫ్‌గార్డ్ ట్రైనింగ్ ఇచ్చి, కోచ్ సర్టిఫికెట్ ఇప్పించి నిలబెడితే ఇక్కడ పిల్లలు పోవడం తగ్గుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను, అడగాల్సిన ప్రతిచోటా అడుగుతున్నాను, మీరూ అడగండి.

ప్రశ్నలుంటే అడగండి.

...జెల్లీ చేపలా బాబూ? ఉంటాయి. తగిలితే ఇసకతో రుద్దొద్దు, మంచినీళ్ళు పొయ్యొద్దు, సముద్రం నీళ్ళతోనే కడిగి, అంటుకున్న తీగలుంటే కార్డులాంటిదాంతో తీసెయ్యాలి. ఊపిరి ఆడకపోయినా, మొహం వాచినా వెంటనే ఆసుపత్రికి.

...చెప్పమ్మా. నీకు ముప్పై ఎనిమిదా, ఈత రాదు. అయితే ముందు ఈత, మూడు నెలలు. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఒకావిడ నలభై ఆరేళ్ళకి మొదలుపెట్టారు, పిల్లని దింపడానికొచ్చి ఒడ్డున కూర్చునేవారు రోజూ. నెల తర్వాత రిప్ ఎక్కడుందో పిల్లకంటే ముందు ఆవిడే చూపించారు. ఇప్పుడు ఇద్దరూ వస్తున్నారు.

...బాబుని పంపించాలా వద్దా అంటున్నారు, వెనకాల అన్నగారు. భయంగా ఉందంటున్నారు. ఉండాలండి. మీ భయం నాకు అర్థమైంది. ఆదివారం ఆరింటికి రుషికొండ రండి, బాబుతో పాటు మీరు కూడా. ఆ రోజు నీళ్ళలోకి ఎవరూ దిగరు, ఇసకలో కూర్చుంటాం. టోపీ తెచ్చుకోండి, ఎండ తొందరగా ఎక్కుతోంది.